నాలుగో గడి

మసేరు నుంచి ఏటా వచ్చే కాగితం ఈసారీ వచ్చింది,
ఉన్ని మూటల లారీలో, మూలలు నలిగి.
చెప్పిన ప్రసంగాలు ఎన్ని? నలభై ఏడు.
బాప్తిస్మాలు? మూడు. కవలల్ని ఇద్దరుగానే లెక్కపెట్టాను.
కానుకలు? మంచు నెలల్లో ఏమీ రాలేదు,
ఒక కోడిపుంజు తప్ప.
దాన్ని ఏ గడిలో వేయాలో తెలియక వదిలేశాను.
నాలుగో గడి దగ్గర కలం ఆగింది:
మీ కాపరి పరిచర్య ఫలిస్తోందా? ఒక్క వాక్యంలో రాయండి.

అయ్యలారా,
నేను సంఘం లెక్కలు రాసే మన్తోఫేలాని.
ఊళ్ళో ఉన్ని తూచే త్రాసు నా చేతిలో ఉంది కనుక
ఇదీ నేనే తూచగలనని పెద్దలు అనుకున్నారు.

ఉన్నదున్నట్టు చెబుతాను. మా సెఖోబె అయ్యగారికి గొంతు లేదు.
మూడో వరుస దాటితే ఆయన మాట గాలిపాలు.
పాట ఎత్తుకుంటే మేమే అందుకుని గట్టెక్కించాలి.
ఆయనకు ముందున్నాయన ఉరిమేవాడు.
రేకుల కప్పు అదిరేది, ఆడవాళ్ళం వెక్కి వెక్కి ఏడ్చేవాళ్ళం.
నేనూ ఏడ్చాను,
ఆ పూటే వెళ్ళి కుళాయి దగ్గర తోటికోడలి జుట్టు పట్టుకున్నాను.

ఈయన వచ్చిన ఏడాదంతా
ఎవరి గుర్రం కుంటుతోందో, ఎవరి పొయ్యి రాజుకోలేదో చూస్తూ తిరిగాడు.
బంగారు గనుల్లోంచి
ఊపిరితిత్తుల నిండా దుమ్ముతో తిరిగొచ్చినవాళ్ళు
మా కొండ మీద పదకొండు మంది.
మోకాలి మీద బైబిలు, దాని అట్ట మీద కాగితం,
వాళ్ళ నష్టపరిహారం అర్జీలన్నీ ఆయనే నింపాడు.
ఒక్కడికే డబ్బొచ్చింది.
మిగతా పదిమందికీ ఆ "రాలేదు" అన్న మాట
తనే మోసుకెళ్ళి చెప్పాడు,
దగ్గు తెర ఆగేదాకా పక్కనే కూర్చుని.

ఇదేనా ఫలం? రాశాను. కొట్టేశాను.

అసలు సంగతి కిరసనాయిలుది.
మందిరం డబ్బా సగమైందని
గొర్రెల కాసే పిల్లాణ్ణి, త్సెలిసోని,
అయ్యగారే అందరి ముందూ నిలదీశాడు.
వాడు నోరు విప్పలేదు. దుప్పటి తల మీదికి లాక్కుని
కొండెక్కాడు. నెల రోజులు దిగలేదు.
డబ్బా అడుగున చిల్లు తర్వాత నాకే కనబడింది.
అయ్యగారి చెవిలో వేశాను:
ఎవరికీ తెలియదు, కొత్తది కొనేద్దాం.

ఆ ఆదివారం పేతురు గురించి చెబుతున్నాడు,
ఆ చలిమంట, ఆ చిన్నది అడిగిన ప్రశ్న.
"నేనెరుగను" దగ్గర ఆగిపోయాడు.
మరిచిపోయాడనుకుని ముందు వరుసలోంచి మాట అందించబోయాను.
పుస్తకం మూయకుండానే బల్ల దిగి,
మా నడుమ నుంచి బయటికి నడిచాడు.
గుర్రం డెక్కల చప్పుడు కొంతసేపు వినబడింది,
తర్వాత అదీ లేదు.

మేం కూర్చున్నాం.
పొయ్యి మీద చిక్కుళ్ళు మాడిపోతాయని ఒకామె గొణిగింది.
గొణిగి, తనూ కూర్చుంది.

పొద్దు వాలాక వచ్చారు.
గుర్రం మీద చిన్న కాపరి, కళ్ళెం పట్టుకుని పెద్ద కాపరి,
గడ్డం నిండా మంచు.
గుమ్మంలోనే నిలబడి అన్నాడు, ఆ లేని గొంతుతోనే:
"డబ్బాకి చిల్లుంది. ఇతన్ని దొంగ అన్నది నేను."
చివరి వరుసకీ వినబడింది.

త్సెలిసో క్షమించాడో లేదో ఈరోజుకీ తెలియదు.
వస్తాడు. తలుపు దగ్గరే కూర్చుంటాడు, కుక్కతో.
మర్నాడు నేను ఉన్ని తూచే రాళ్ళు మార్చాను.
ఎందుకు మార్చాల్సి వచ్చిందో
రాయడానికి మీ కాగితంలో గడి లేదు.

ఆనాటి ప్రసంగం మిగిలిపోయింది, పూర్తి చేయమని ఎవరూ అడగలేదు.
అందుకే పైన నలభై ఏడు కొట్టేసి
నలభై ఆరున్నర అని దిద్దాను.
నాలుగో గడి ఖాళీగానే పంపుతున్నాను, మన్నించండి.

కానుకగా వచ్చిన పుంజుని ఇంకా కోయలేదు.
తెల్లవారుజామున
మందిరం గోడెక్కి కూస్తోంది.